హైదరాబాద్‌లో ఇంటికీ కారుకూ బీమా: ప్రీమియం లెక్కను విడదీసి చూసుకోవడం ఎలా

ఏజెంటు వాట్సాప్‌లో పంపే కొటేషన్‌లో అడుగున ఒక మొత్తం ఉంటుంది. చాలామంది దాన్నే చూసి, పోయినేడాదికంటే ఎక్కువా తక్కువా అని బేరం మొదలుపెడతారు. ఆ మొత్తంలో ప్రభుత్వం నిర్ణయించినదెంత, కంపెనీ చేతిలో ఉన్నదెంత, మీ చేతిలో ఉన్నదెంత అన్నది తెలియకుండా బేరమాడితే తగ్గేది ప్రీమియం కాదు, కవరేజీ.

హైదరాబాద్‌కు సముద్రం లేదు, తుపాను నేరుగా వచ్చి తాకదు. అయినా 2020 అక్టోబరు వరదల్లో ఏం జరిగిందో టోలిచౌకి, హఫీజ్‌బాబానగర్ వాసులకు బాగా తెలుసు. విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ మునిగింది. మన ఊళ్లలో నీళ్లు కడలి నుంచి రావు. చెరువు అలుగు పారి, నాలా పొంగి, సెల్లార్ ర్యాంపు మీదుగా దిగుతాయి. కాబట్టి బీమా డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ నీళ్ల దారిని బట్టే తేల్చుకోవాలి.

1. లెక్కకు కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

కారుకు:
- ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ తేదీ, సీసీ, సీఎన్‌జీ కిట్ ఉంటే దాని నమోదు)
- పాత పాలసీ మొత్తం కాగితాలు, మొదటి పేజీ ఒక్కటే కాదు
- గత మూడేళ్లలో చేసిన క్లెయిముల వివరాలు
- మీ మోడల్, మీ వేరియంట్‌కు ఇప్పటి షోరూం ధర

ఇంటికి:
- సేల్ డీడ్, ఆమోదం పొందిన ప్లాన్
- కార్పెట్ ఏరియా (సూపర్ బిల్టప్ కాదు)
- ఇల్లు కట్టిన సంవత్సరం, ఎన్నో అంతస్తు, సెల్లార్ ఉందా
- గృహరుణం ఉంటే బ్యాంకు ఇచ్చిన బీమా కాగితం
- గది గదికీ తీసిన ఫోన్ వీడియో, పెద్ద వస్తువుల బిల్లులు

వీడియోకు పది నిమిషాలు పట్టదు. అల్మారాలు తెరిచి, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వెనుక సీరియల్ నంబర్లు కనపడేలా తీసి, ఫోన్‌లోనే వదిలేయకుండా ఈమెయిల్‌లో దాచుకోండి. ఇల్లు మునిగితే ఫోనూ మునగవచ్చు.

2. కారు బిల్లును ముక్కలు చేయండి

కారు ప్రీమియంలో నాలుగు భాగాలుంటాయి: థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ (మీ కారుకు జరిగే నష్టానికి), యాడ్ ఆన్‌లు (అదనపు కవర్లు), పన్ను. వీటికి తోడు యజమానికి ప్రమాద బీమా ఒక చిన్న గీత.

2.1 థర్డ్ పార్టీ: ఇక్కడ బేరం లేదు

మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇది. మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ.2,000, మళ్లీ పట్టుబడితే రూ.4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

రేటు కేంద్ర ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏడాది రేట్లు ఇవి:

- 1,000 సీసీ వరకు: రూ.2,094
- 1,000 దాటి 1,500 సీసీ వరకు: రూ.3,416
- 1,500 సీసీ దాటితే: రూ.7,897

రెన్యువల్ నాడు ఒకసారి సరిచూసుకోండి. మారితే అన్ని కంపెనీలకూ ఒకేసారి మారుతుంది. ఏ కంపెనీ అయినా థర్డ్ పార్టీలో డిస్కౌంట్ ఇస్తున్నామంటే అనుమానించాల్సిందే.

ఇక్కడే చాలామంది కంగారుపడే సంగతి ఒకటుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. మొదటి, రెండో రెన్యువల్‌లో ఓన్ డ్యామేజ్ మాత్రమే కడతారు. మూడో రెన్యువల్‌కు థర్డ్ పార్టీ మళ్లీ వచ్చి చేరుతుంది, బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. కంపెనీ రేటు పెంచిందనుకుని మారిపోయినా ఆ గీత ఎక్కడైనా ఉంటుంది.

2.2 ఓన్ డ్యామేజ్: ఐడీవీని రేటుతో హెచ్చవేయడం

ఐడీవీ అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. ఇప్పటి షోరూం ధరలోంచి కారు వయసును బట్టి తరుగు తీస్తారు:

- 6 నెలల వరకు 5 శాతం
- ఏడాది వరకు 15 శాతం
- 2 ఏళ్ల వరకు 20 శాతం
- 3 ఏళ్ల వరకు 30 శాతం
- 4 ఏళ్ల వరకు 40 శాతం
- 5 ఏళ్ల వరకు 50 శాతం

అయిదేళ్లు దాటాక మీరూ కంపెనీ ఒప్పుకున్న విలువే ఐడీవీ.

దీన్ని రేటుతో హెచ్చవేస్తారు. పాత టారిఫ్ (అన్ని కంపెనీలకూ ఒకటే అయిన రేట్ల పట్టిక) ప్రకారం దేశం రెండు జోన్లు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబై, పుణె, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్ ఏ జోన్. విజయవాడ, విశాఖ, వరంగల్ సహా మిగతావన్నీ బీ జోన్. కారు తిరిగే ఊరు కాదు, రిజిస్టరైన ఊరే లెక్క. 2007లో ఈ టారిఫ్ ఎత్తేసినా కంపెనీలు ఆ రేట్లనే మూలంగా పెట్టుకుని దాని మీద డిస్కౌంటు ఇస్తుంటాయి.

అయిదేళ్లలోపు, 1,000 నుంచి 1,500 సీసీ కారుకు ఏ జోన్‌లో 3.283 శాతం, బీ జోన్‌లో 3.191 శాతం. ఐడీవీ 8 లక్షలైతే తేడా రూ.736, అదీ డిస్కౌంటుకు ముందు. "హైదరాబాద్ బండి కాబట్టి ఎక్కువ" అనే మాట నిజమే కానీ జోన్ వల్ల పెరిగేది అంతే. అసలు తేడా డిస్కౌంటులో, నో క్లెయిమ్ బోనస్‌లో ఉంటుంది.

2.3 నో క్లెయిమ్ బోనస్

క్లెయిమ్ చేయని ఏళ్లకు వరసగా 20, 25, 35, 45, 50 శాతం. ఓన్ డ్యామేజ్ భాగానికే వర్తిస్తుంది, థర్డ్ పార్టీకి కాదు.

ఇది కారుది కాదు, మీది. కారు అమ్మి కొత్తది కొంటే పాత కంపెనీ నుంచి బోనస్ సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారుకు వాడుకోవచ్చు. కొత్త కారు కొనేటప్పుడు షోరూంలో ఎవరూ ఇది గుర్తుచేయరు, మీరే అడగాలి. మీ కారు కొన్నవారికి మాత్రం ఆ బోనస్ దక్కదు. పాలసీ గడువు దాటి 90 రోజులైతే అది మొత్తంగా పోతుంది.

2.4 ఒక బిల్లు వేసి చూద్దాం

హైదరాబాద్‌లో రిజిస్టరైన 1,197 సీసీ పెట్రోలు కారు, మూడో రెన్యువల్, ఇంతవరకు క్లెయిమ్ లేదు. షోరూం ధర 9 లక్షలనుకుందాం. కంపెనీ డిస్కౌంటు 60 శాతం, యాడ్ ఆన్ ధరలు కూడా ఊహించుకున్నవే. మీ కొటేషన్‌లో ఉన్నవి పెట్టి ఇదే వరసలో వేసుకోండి.

- ఐడీవీ (30 శాతం తరుగు తీసి): రూ.6,30,000
- మూల ఓన్ డ్యామేజ్, 3.283 శాతం: రూ.20,683
- 60 శాతం డిస్కౌంటు పోగా: రూ.8,273
- 35 శాతం బోనస్ పోగా: రూ.5,377
- థర్డ్ పార్టీ: రూ.3,416
- జీరో డిప్రిసియేషన్: రూ.2,800
- ఇంజిన్ ప్రొటెక్షన్: రూ.900
- యజమాని ప్రమాద బీమా, 15 లక్షలకు: రూ.330
- మొత్తం: రూ.12,823
- 18 శాతం జీఎస్టీ: రూ.2,308
- కట్టాల్సింది: రూ.15,131

2025 సెప్టెంబరులో జీఎస్టీ ఎత్తేసింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే. కారుకూ ఇంటికీ 18 శాతం అలాగే ఉంది.

ఈ బిల్లులో మీరు కదిలించగలిగేవి డిస్కౌంటు, ఐడీవీ, యాడ్ ఆన్‌లు. ఐడీవీ లక్ష తగ్గిస్తే ఓన్ డ్యామేజ్‌లో ఆదా అయ్యేది దాదాపు రూ.850, జీఎస్టీతో వెయ్యి. కారు పూర్తిగా మునిగిపోతే పోయేది లక్ష. కొటేషన్ చౌకగా కనిపిస్తే మొదట ఐడీవీ చూడమనేది అందుకే.

ఇంట్లో జీతానికి డ్రైవర్ ఉంటే, అతనికి వర్తించే లీగల్ లయబిలిటీ కవర్ (అతను గాయపడితే మీ మీద పడే పరిహారానికి) అడిగి వేయించండి. టారిఫ్‌లో దాని ధర ఏడాదికి రూ.50. చాలా పాలసీల్లో ఆ గీతే ఉండదు.

3. యాడ్ ఆన్‌లు: మన ఊరికి ఏవి కావాలి

ఇంజిన్ ప్రొటెక్షన్. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ ఉన్నవారికి, నాలా పక్క కాలనీల వారికి మొదట తీసుకోవాల్సింది ఇదే. మామూలు ప్యాకేజీ పాలసీ (థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ కలిసినది) వరద నష్టానికి డబ్బిస్తుంది: సీట్లు, వైరింగ్, శుభ్రం చేయించడం. కానీ నీళ్లున్న ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే లోపలికి పోయిన నీరు పిస్టన్‌కు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టమని కంపెనీ దాన్ని తోసిపుచ్చుతుంది. ఇంజిన్ మార్చడమంటే లక్షల్లో మాట. ఈ కవర్ ఉన్నా షరతులు చదవండి: నీళ్లలో ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే ఇవ్వమని చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది.

జీరో డిప్రిసియేషన్. గ్యారేజీల్లో బంపర్ టు బంపర్ అంటారు. ఇది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు సగమే ఇస్తారు. ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం కోత, అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి, రెండు నుంచి మూడేళ్ల మధ్య కారుకైతే 15 శాతం. పెయింటు బిల్లులో నాలుగో వంతును రంగు ఖర్చుగా లెక్కగట్టి అందులో సగం తీస్తారు.

ఆ వయసు కారుకు బంపర్ రూ.12,000, ఫెండర్ రూ.5,000, పెయింటు రూ.8,000, మొత్తం రూ.25,000 బిల్లు అయిందనుకోండి. బంపర్‌లో 6,000, ఫెండర్‌లో 750, పెయింటులో 1,000 కోత. పైన తప్పనిసరి డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం, రూ.1,000 (1,500 సీసీ దాటితే రూ.2,000). చేతికొచ్చేది రూ.16,250. జీరో డిప్రిసియేషన్ ఉంటే రూ.24,000. కారుకు అయిదేళ్లు వచ్చేదాకా ఇది తీసుకోదగ్గదే. ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో మాత్రం చూసుకోండి. చాలాచోట్ల రెండే.

రిటర్న్ టు ఇన్వాయిస్. కారు పూర్తిగా పోతే ఐడీవీ కాక కొన్న బిల్లు ధర ఇచ్చే కవర్. కొత్త కారుకు మొదటి రెండు మూడేళ్లు మాత్రమే ఆలోచించండి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కిస్తారు. మునిగిన కార్లు ఆ గీత సులువుగా దాటుతాయి.

కన్స్యూమబుల్స్. ఆయిల్, కూలెంట్, నట్లు, బోల్టుల ఖర్చు. మునిగిన కారుకు ఇంజిన్, గేర్‌బాక్స్ ఆయిళ్లన్నీ మార్చాలి కాబట్టి తక్కువ ధరకు వస్తే వేసుకోండి.

వాలంటరీ డిడక్టిబుల్. ప్రతి క్లెయిమ్‌లో మొదటి రూ.15,000 మీరే భరిస్తానంటే పాత టారిఫ్‌లో 35 శాతం తగ్గింపు, కానీ రూ.2,500 మించదు. రెండున్నర వేలకు పదిహేను వేల భారం నెత్తిన వేసుకోవడం గిట్టుబాటు కాదు.

4. చిన్న దెబ్బకు క్లెయిమ్ చేయాలా?

పై కారుకే లెక్క వేద్దాం. ఈ ఏడాది క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది రావాల్సిన 45 శాతం బోనస్ సున్నా అవుతుంది.

వచ్చే ఏడాది ఐడీవీ 5,40,000. మూల ప్రీమియం 17,728, డిస్కౌంటు పోగా 7,091. అందులో 45 శాతం 3,191, జీఎస్టీతో రూ.3,765 నష్టం. ఆ పై ఏడాది 50 శాతం రావాల్సిన చోట 20 వస్తుంది, ఇంకో రూ.2,090 దాకా పోతుంది. రెండేళ్లలోనే రూ.5,850 దాటింది. బోనస్ మళ్లీ 50కి చేరేదాకా ఈ నష్టం కొనసాగుతుంది.

కాబట్టి ఈ కారుకు ఎనిమిది వేల లోపు డెంటింగ్, పెయింటింగ్ సొంత డబ్బుతో చేయించుకోవడమే మేలు. పెద్ద కారుకు ఆ గీత ఇంకా పైన ఉంటుంది. గ్యారేజీవాళ్లు "క్లెయిమ్‌లో వేసేద్దాం సార్" అన్నప్పుడు ఈ లెక్క మీ దగ్గర ఉండాలి.

5. ఇంటి బీమా: ఎంతకు చేయించాలి

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. షరతులు ఏ కంపెనీలోనైనా ఒకటే. అందుకే దీన్ని పోల్చడం కారు బీమా కంటే తేలిక.

అగ్నిప్రమాదం, పిడుగు, వరద, గాలివాన, భూకంపం, అల్లర్లు, వాహనం వచ్చి గుద్దడం, నీళ్ల ట్యాంకు లేదా పైపు పగిలి పొంగడం ఇందులో ఉంటాయి. వీటిలో ఏదైనా జరిగిన ఏడు రోజుల్లోపు దొంగతనమైతే అదీ వస్తుంది. కాంపౌండ్ వాల్, గేటు, నీళ్ల ట్యాంకు, మేడమీది సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి భాగాలే.

5.1 సమ్ ఇన్సూర్డ్ (బీమా విలువ) లెక్క

ఫ్లాటు కొన్న ధర ఇక్కడ పనికిరాదు. ఇల్లు కాలిపోయినా నేల కాలదు. మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే బీమా విలువ.

కార్పెట్ ఏరియా 1,100 చదరపు అడుగులు, ఈ రోజు కట్టుబడి ఖర్చు అడుగుకు రూ.2,200 అనుకుంటే రూ.24,20,000. ఆ ఫ్లాటు మార్కెట్ ధర 95 లక్షలు కావచ్చు. 95 లక్షలకు బీమా చేయించినా కంపెనీ ఇచ్చేది కట్టుబడి ఖర్చే, మిగతా ప్రీమియం వృథా. దరఖాస్తులో చదరపు మీటర్లు అడిగితే అడుగుల్ని 10.764తో భాగించండి. 1,100 అడుగులంటే 102.2 మీటర్లు. మీ ప్రాంతంలో కట్టుబడి ఖర్చు ఎంతో ఇద్దరు మేస్త్రీలనో, ఒక సివిల్ ఇంజినీరునో అడిగి రాసుకోండి.

5.2 సామాను

భవనం విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, జాబితా ఇవ్వకుండానే సామానుకు కవరేజీ ఉంటుంది. పై ఇంటికి రూ.4,84,000. అంతకు మించి ఉంటేనే జాబితా ఇచ్చి పెంచుకోవాలి.

నగలు, వెండి, చిత్రపటాలకు వేరే ఆప్షన్ తీసుకోవాలి. మొత్తం 5 లక్షలు, లేదా ఒక్కో వస్తువు లక్ష దాటితే విలువ ధ్రువపత్రం అడుగుతారు. నగలు బ్యాంకు లాకర్‌లో ఉంటే ఈ ఖర్చు అక్కర్లేదు.

అద్దె ఇంట్లో ఉంటున్నారా? భవనం సంగతి యజమాని చూసుకుంటారు. మీరు సామానుకే తీసుకోండి.

5.3 ప్రీమియం దేన్ని బట్టి మారుతుంది

పిన్‌కోడ్, భూకంప జోన్, కట్టడం రకం, ఇంటి వయసు, విలువ. భూకంప పటంలో హైదరాబాద్ చాలాకాలంగా ప్రమాదం తక్కువైన రెండో జోన్, విజయవాడ మూడో జోన్. సమాన విలువ ఉన్న ఇళ్లకు రెండు ఊళ్లలో ఒకే కొటేషన్ రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

కొటేషన్లు పోల్చాలంటే వెయ్యికి ఎంతో చూడండి. రూ.24,20,000కు పన్ను కాక రూ.1,700 అడిగితే వెయ్యికి 70 పైసలు. పదేళ్ల దాకా ఒకేసారి తీసుకోవచ్చు, విలువ ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. రుణం ఉండి కట్టుబడి ఖర్చు పెరుగుతుందనే బెంగ ఉన్నవారికి దీర్ఘకాల పాలసీ నయం.

6. ఎవరికి ఎక్కడ డబ్బు పెట్టడం మేలు

అయిదో అంతస్తు ఫ్లాటు, కారు సెల్లార్‌లో: వరద నీరు మీ హాల్లోకి రాదు, మీ కారు మీదికి వస్తుంది. ఇంటి పాలసీలో సామాను కింద కారు రాదు. కాబట్టి కారుకు ఇంజిన్ ప్రొటెక్షన్‌తో ప్యాకేజీ పాలసీ, ఇంటికి మామూలు గృహ రక్ష చాలు. లిఫ్టు, జనరేటర్, సెల్లార్ పంపులకు అసోసియేషన్ పేరు మీద పాలసీ ఉందో లేదో అడగండి. ఉమ్మడి భాగాలకు బీమా లేక వరద తర్వాత ఒక్కో ఫ్లాటు వేలల్లో పంచుకోవాల్సి వస్తుంది.

చెరువు దిగువనో నాలా పక్కనో స్వతంత్ర ఇల్లు: సామాను మీద దృష్టి పెట్టండి. కింది అంతస్తు ఫర్నిచర్, ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీలు, పరుపులు ముందు పోతాయి.

పాత కారు, థర్డ్ పార్టీ ఒక్కటే: మునిగితే ఒక్క రూపాయీ రాదు. వానాకాలంలో అలాంటి బండిని సెల్లార్‌లో కాక ఎత్తు మీద పెట్టుకోవడమే మార్గం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాటుకు తాళం వేసినవారు: ఇల్లు ఖాళీగా ఉందని ప్రతిపాదన పత్రంలోనే రాయండి. దొంగతనం కవర్ తీసుకుంటే ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉండవచ్చో ఆ షరతు చదవండి.

7. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

బ్యాంకు బీమాను ఇంటి బీమా అనుకోవడం. రుణంతోపాటు అంటగట్టేది చాలాసార్లు రుణగ్రహీత ప్రాణానికి చేసే బీమా. కాగితం తీసి "భవనం", "అగ్నిప్రమాదం" అనే మాటలున్నాయేమో చూడండి. లేకపోతే మీ ఇంటికి బీమా లేదు. ఫలానా కంపెనీలోనే కొనాలని బ్యాంకు పట్టుబట్టకూడదు.

మేడమీద గది వేసి చెప్పకపోవడం. పాలసీ మొదలైనప్పటి కార్పెట్ ఏరియా 10 శాతానికి మించి పెరిగితే, అదనపు ప్రీమియం కట్టి నమోదు చేయించాలి. లేకపోతే ఆ కొత్త భాగానికి రాదు.

కరెంటు తిరిగొచ్చినప్పుడు కాలిన టీవీ. షార్ట్ సర్క్యూట్ వల్ల ఆ యంత్రానికే జరిగిన నష్టం గృహ రక్షలో లేదు. అక్కడి నుంచి మంటలు వ్యాపించి ఇల్లు కాలితే ఉంటుంది. టీవీ, ఫ్రిజ్‌ల కోసం బ్రేక్‌డౌన్ కవర్ వేరే తీసుకోవాలి.

గోడ చెమ్మకు క్లెయిమ్. పైపు పగిలితే వస్తుంది, ఏళ్ల తరబడి ఊరే నీటికి రాదు. అది మరమ్మతు పని.

సీఎన్‌జీ కిట్ దాచడం. బయట వేయించిన కిట్‌ను ఆర్‌సీలోనూ పాలసీలోనూ నమోదు చేయించాలి. కిట్ విలువలో 4 శాతం, థర్డ్ పార్టీకి రూ.60 అదనం. అంత చిన్న మొత్తానికి పెద్ద క్లెయిమ్ పోగొట్టుకోకండి.

సొంత కారును కిరాయికి తిప్పడం. ప్రైవేటు పాలసీతో క్యాబ్‌గా తిప్పితే ప్రమాదం రోజున కంపెనీ చేతులెత్తేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు. కొన్న 14 రోజుల్లోపు పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి. థర్డ్ పార్టీ దానంతటదే మీకు వస్తుంది, ఓన్ డ్యామేజ్ రాదు.

వాన హెచ్చరిక చూసి కొనడం. ప్రీమియం చేరాకే బీమా మొదలవుతుంది. గడువు దాటిన కారుకైతే తనిఖీ అయ్యేదాకా పాలసీ ఇవ్వరు. వానాకాలానికి ముందే, మే నెలలో చూసుకోండి.

నకిలీ పాలసీ. రోడ్డు పక్క చౌకగా ఇచ్చే కాగితాల్ని నమ్మవద్దు. కొన్న కొద్ది రోజుల్లో ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి బీమా గడువు కనిపిస్తుందో లేదో చూడండి.

8. నీళ్లొచ్చిన రోజు చేయాల్సిన వరస

కారుకు:
1. స్టార్ట్ చేయవద్దు. తాళం తిప్పి లైట్లు కూడా వేయవద్దు.
2. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తలుపు మీది గీత, నంబర్ ప్లేటు కలిపి ఫొటో తీయండి.
3. నీరు తగ్గి, చేరుకోవడం సురక్షితమైతే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లను ముట్టుకోవద్దు, కంపెనీ మెకానిక్‌కే వదిలేయండి.
4. బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి.
5. నెట్టుకుంటూ కాదు, టోయింగ్ బండి మీదే గ్యారేజీకి పంపండి.
6. సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే వ్యక్తి) చూసేదాకా ఇంజిన్ విప్పనివ్వవద్దు.

ఇంటికి:
1. మెయిన్ స్విచ్ పొడి నేల మీద నుంచి అందితేనే ఆపండి.
2. బురద కడగడానికి ముందు ఫొటోలు, వీడియో. గోడ మీద నీటి మట్టం తప్పకుండా.
3. అదే రోజు కంపెనీకి చెప్పండి.
4. పాడైన వస్తువులు సర్వేయర్ చూసేదాకా పారేయవద్దు. పరుపుల్లా కుళ్లేవాటిని ఉంచలేకపోతే ఫొటో తీసి, కంపెనీకి మెసేజ్ పెట్టి తీసేయండి.
5. మంటలైతే అగ్నిమాపక శాఖ నివేదిక, దొంగతనమైతే ఎఫ్ఐఆర్ తీసుకోండి.
6. శిథిలాల తొలగింపు ఖర్చు రసీదులు దాచండి. క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకు దానికి, ఆర్కిటెక్టు, ఇంజినీరు ఫీజులకు 5 శాతం వరకు వస్తుంది.

9. కంపెనీ కాదంటే

ఫోన్‌లో చెప్పిన కారణం లెక్కలోకి రాదు. ఏ షరతు కింద తిరస్కరించారో రాతలో అడగండి. ఆ షరతును మీ పాలసీ పత్రంలో వెతికి పక్కన పెట్టుకోండి.

తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాయండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

నెల రోజులు గడిచినా జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, న్యాయవాది అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. అప్పటికే వినియోగదారుల కోర్టులో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. ముందు ఏ తలుపు తట్టాలో తేల్చుకున్నాకే కాగితం పెట్టండి.

వెంట తీసుకెళ్లాల్సినవి:
- పాలసీ పత్రం పూర్తి ప్రతి
- తిరస్కరణ లేఖ
- కంపెనీకి మీరు రాసిన ఫిర్యాదు, పంపిన తేదీ రుజువు
- సర్వేయర్ నివేదిక ప్రతి (అడిగి తీసుకోండి)
- తేదీ కనపడే ఫొటోలు, గ్యారేజీ లేదా మేస్త్రీ అంచనా కాగితం